ఉత్పలమాల ఎన్నో వృత్తం?

తెలుగు పద్యంతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారెవరికైనా ఉత్పలమాల గణాలు నోటికి వస్తాయి: భ, ర, న, భ, భ, ర, వ. పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, ప్రాస తప్పదు. అయితే ఇరవై అక్షరాల పాదంతో సాధ్యమయ్యే వృత్తాలన్నిటినీ ఒక క్రమంలో పేర్చుకుంటూ పోతే అందులో ఉత్పలమాల ఎన్నోది? వినడానికి వింతగా ఉంటుంది గానీ మన లాక్షణికులకు ఇది మామూలు ప్రశ్నే. జవాబూ మామూలుగానే చెబుతారు: 355799వది.

ఈ అంకె తప్పని నేను ఆర్నెల్లపాటు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, ఒక పెద్దాయన చేతిరాత పక్కన పెన్సిలుతో నా సవరణ రాశాను. ఆ పొరపాటు ఒప్పుకోవడానికే ఈ టపా. ఒప్పుకునే దారిలో ఛందస్సు, కెనడా దేశపు ఒక రైతుబిడ్డ, తనదైన లిపి ఉన్న ఒక కంప్యూటరు భాష, ఈనాటి కంప్యూటరు నోట్‌బుక్కులు ఎదురవుతాయి. మిత్రులు కొంచెం ఓపిక పట్టాలి.

మాది ఏన్కూరు. ఖమ్మం నుంచి కొత్తగూడెం వెళ్ళే దారిలో తల్లాడ దాటాక వస్తుంది. ఇంకా ముందుకు పోతే జూలూరుపాడు, ఆపైన అడవి. పత్తి, మిరప పండే నేల. చిన్నప్పుడు మాకు తెలుగు చెప్పిన మాస్టారు లఘువుకు నిలువు గీత, గురువుకు వంకర గీత నల్లబల్ల మీద వేసి, "ఏరా, ఇదేమిటి?" అని అడిగేవారు. "జ గణం మాస్టారూ" అంటే సరిపోయేది కాదు. "పేరు సరే, ఎన్నోదిరా?" అనేవారు. ఆరోది అని చెప్పాలి. ఎందుకు ఆరోదో కూడా చెప్పాలి. చెప్పలేకపోతే బల్ల దగ్గరికి వచ్చి మొదటి గణం నుంచి వరసగా రాసి చూపించాలి. జవాబు ఒప్పయినా దారి చూపించనివాడికి ఆయన దగ్గర సగం మార్కులే.

ఆయన కాలం చేశారు. ఇల్లు సర్దుతూ వారబ్బాయి ఒక పొడుగాటి నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీకైతే పనికొస్తది అన్నా, మాకు ఇవన్నీ ఎక్కడ తెలుస్తయి" అన్నాడు. అట్ట చిరిగినా లోపలి కాగితాలు చెక్కు చెదరలేదు. ఒక పుటలో ఉత్పలమాల పాదపు గురులఘువులు, వాటి మీద 1, 2, 4, 8 అంటూ 524288 దాకా ఇరవై అంకెలు, వాటిలో పన్నెండింటి కింద అడ్డగీతలు, చివర కూడిక, ఆ కిందే 355799. నేను పెన్సిలుతో 692778 అని రాసింది ఆ అంకె పక్కనే.

* * *

ముందు ఆ లెక్క సంగతి చూద్దాం. ఛందశ్శాస్త్రానికి ఆద్యుడని చెప్పే పింగళుడి సూత్రాల చివర పద్యాలతో నేరుగా సంబంధం లేని కొన్ని లెక్కలున్నాయి. తరవాతివారు వాటికి ప్రత్యయాలని పేరు పెట్టి ఆరుగా లెక్కించారు. పదో శతాబ్దంలో హలాయుధుడు వ్యాఖ్య రాశాడు. కేదారభట్టు వృత్తరత్నాకరంలో సులువు చేసి చెప్పాడు. ఆ ఆరింటిలో మనకిప్పుడు కావలసినవి మూడు: ప్రస్తారం, ఉద్దిష్టం, నష్టం.

ప్రస్తారమంటే పరచడం. మూడక్షరాలను గురులఘువులతో ఎన్ని విధాల పేర్చవచ్చో ఒకటీ వదలకుండా, ఒకటీ రెండుసార్లు రాకుండా వరసగా రాయడం. అన్నీ గురువులతో మొదలై అన్నీ లఘువులతో ముగుస్తుంది. మ, య, ర, స, త, జ, భ, న: ఇది ఊరికే బట్టీ పట్టే వరస కాదు, ప్రస్తారం ఇచ్చిన వరస. అందుకే జ గణం ఆరోది. మూడక్షరాలకు ఎనిమిది, నాలుగుకు పదహారు, ఇలా ఒక్కో అక్షరానికీ రెట్టింపవుతూ ఇరవై అక్షరాల కృతి ఛందస్సుకు చేరేసరికి 1048576 వృత్తాలు. పది లక్షల పైచిలుకు వరసలను తాటాకుల మీద రాయడం ఎవరి తరమూ కాదు. అందుకే మిగిలిన రెండు లెక్కలు పుట్టాయి.

వృత్తం తెలుసు, దాని సంఖ్య కావాలి: అది ఉద్దిష్టం. ఒక్కో అక్షరం మీద 1తో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ అంకెలు వేయాలి. లఘువుల మీద పడిన అంకెలను మాత్రమే కూడి, ఒకటి కలపాలి. సంఖ్య తెలుసు, వృత్తం కావాలి: అది నష్టం. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. ఆరోదాన్ని పట్టి చూడండి. ఆరు సరి, లఘువు, సగం మూడు. మూడు బేసి, గురువు. ఒకటి కలిపి సగం చేస్తే రెండు. రెండు సరి, లఘువు. లఘువు, గురువు, లఘువు: జ గణం వచ్చింది. ఎనిమిది గణాల పట్టిక చూడకుండానే ఆరోదాన్ని పట్టుకున్నాం. పట్టిక పది లక్షల వరసలదైనా పద్ధతి ఇదే. ఇరవై అంగల్లో పని అయిపోతుంది.

దీన్ని చూసి కంప్యూటర్లు పింగళుడే కనిపెట్టాడని చాటడం నా ఉద్దేశం కాదు. ఆయన యంత్రం కట్టలేదు, సున్నాలతో ఒకట్లతో సంఖ్యలు రాసే పద్ధతినీ చెప్పలేదు. చెప్పిందల్లా రెండే గుర్తులున్న వరసలకు సంఖ్యలు ఎలా ఇవ్వాలో, సంఖ్యల నుంచి మళ్ళీ వరసలను ఎలా రాబట్టాలో. అంతే చెప్పాడు గానీ ఎవరు చేసినా ఒకే జవాబు వచ్చేటట్లు చెప్పాడు. గొప్పతనం అక్కడుంది. తెలుగు లాక్షణికులకు ఈ లెక్కలు వారసత్వంగా వచ్చాయి. ఈమాటలో జెజ్జాల కృష్ణ మోహన రావు గారి ఛందోవ్యాసాలు చదివినవారికి వృత్తం పక్కన ఛందస్సు పేరు, వృత్తసంఖ్య వేసే అలవాటు తెలిసే ఉంటుంది.

* * *

మాస్టారి పుస్తకం చేతికి వచ్చిన రోజుల్లోనే నేను సరదాగా ఏపీఎల్ అనే కంప్యూటరు భాష నేర్చుకుంటున్నాను. నూటికి తొంభైతొమ్మిది మంది ప్రోగ్రామర్లు పేరు విని వదిలేసే భాష ఇది. దాని కథ మన కథకు దూరం కాదు.

కెనెత్ ఐవర్సన్ 1920లో కెనడాలోని అల్బెర్టాలో పుట్టాడు. వ్యవసాయ కుటుంబం. ఆర్థికమాంద్యం రోజుల్లో తొమ్మిదో తరగతితో బడి మాని పొలం పనిలోకి దిగాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరాడు, ఆ తరవాత చదువు కొనసాగించాడు. 1954లో హార్వర్డులో డాక్టరేటు తీసుకుని అక్కడే పాఠాలు చెబుతూ, మామూలు గణిత సంకేతాలతో కంప్యూటరు పనులను వివరించడం కష్టమవుతోందని సొంతంగా ఒక సంకేతలిపి కల్పించుకున్నాడు. అది మొదట యంత్రం కోసం పుట్టింది కాదు; నల్లబల్ల కోసం పుట్టింది. హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1960లో ఐబీఎంలో చేరాడు. 1962లో ఆ లిపిని వివరిస్తూ పుస్తకం వేశాడు. 'ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అన్న ఆ పుస్తకం పేరులోని పొడి అక్షరాలే భాషకు పేరయ్యాయి. యంత్రం మీదికి ఎక్కింది ఆ తరవాతే. ఏడిన్ ఫాకాఫ్, లారీ బ్రీడ్ వంటివారి తోడ్పాటుతో 1966 నవంబరు 27 నాటికి ఏపీఎల్ 360 వ్యవస్థ పని చేయసాగింది. ఏపీఎల్ అభిమానులు నేటికీ ఆ తేదీని పుట్టినరోజుగా తలచుకుంటారు.

ఆ రోజుల్లో కంప్యూటరు వాడకమంటే అట్టముక్కలకు చిల్లులు పొడిచి, కట్ట కట్టి, లోపలివారికి అప్పగించి, ఫలితం కోసం గంటలు, ఒక్కోసారి రోజులు వేచి ఉండడం. మన హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది 1967లో. ఆ తరం తెలుగు ఇంజనీర్లను అడిగితే కార్డుల కట్ట జారి నేలపాలైన కథ ఒకటైనా చెబుతారు. ఏపీఎల్ వాడుకరి మాత్రం టైపుమిషను లాంటి పరికరం ముందు కూర్చుని ఒక వరస కొట్టేవాడు. యంత్రం కింది వరసలో జవాబు కొట్టేది. మళ్ళీ ప్రశ్న, మళ్ళీ జవాబు. కాగితం చుట్ట మీద ఇద్దరి సంభాషణ అచ్చయ్యేది. తరవాత వచ్చిన నోట్‌బుక్కులకు బీజం ఈ కాగితం చుట్టలో ఉందని నా అభిప్రాయం.

మామూలు టైపుమిషను మీద ఏపీఎల్ సంకేతాలు ఉండవు. ఐబీఎం 2741 పరికరంలో గోల్ఫ్ బంతి అంత ముద్రాగోళం ఒకటి ఉండేది. దాని మీద 88 గుర్తులు. ఏపీఎల్ కావాలంటే ఆ గోళం తీసి ఏపీఎల్ గోళం తొడగాలి. అయినా గుర్తులు చాలేవి కావు. వృత్తం కొట్టి, వెనక్కి జరిగి, దాని మీదే నిలువు గీత కొడితే ⌽ వచ్చేది. ఒత్తుల కోసం, గుడుల కోసం మన టైపుమిషన్ల మీద పడ్డ పాట్లు గుర్తొస్తున్నాయా?

పోలిక అక్కడితో ఆగదు. 1990లో ఐవర్సన్, రోజర్ హుయి కలిసి జె అనే భాషను తెచ్చారు. అందులో ప్రత్యేక గుర్తులు లేవు. ఏ మీటలపలక మీదైనా ఉండే చుక్కలు, గీతలు, అంకెలతోనే ఏపీఎల్ భావాలన్నీ రాసుకోవచ్చు. అంటే జె భాష ఏపీఎల్‌కు ఆర్టీఎస్ అన్నమాట! రోమను అక్షరాల్లో తెలుగు రాసుకుని, మనసులోనే తెలుగు లిపిగా చదువుకున్న మనకు ఆ అవసరమూ తెలుసు, అందులోని వెలితీ తెలుసు. 1990ల తొలి ఏళ్ళలో యూనికోడు వచ్చినప్పుడు తెలుగుతో పాటు ఏపీఎల్ గుర్తులకూ అందులో చోటు దొరికింది. లేఖినిలో తొలిసారి తెలుగు తెరకెక్కినప్పుడు మనకు కలిగిన సంతోషం, ముద్రాగోళాలు మార్చుకున్న ఆ తరానికీ కలిగే ఉంటుంది.

నన్ను ఈ భాష వైపు లాగింది మరొకటి. ఏపీఎల్ మూల సంకేతాల్లో ఇంగ్లీషు మాటే లేదు. గురువును 0 అని, లఘువును 1 అని అనుకుంటే ఉద్దిష్టమంతా ఈ కాస్తలో ఇమిడిపోతుంది:

1+2⊥⌽0 1 1 0 1 0 1 1 1 0 1 1 0 1 1 0 1 0 1 0

కుడి నుంచి ఎడమకు చదవాలి. పాదాన్ని తిరగేయి, రెండ్ల లెక్కన సంఖ్యగా మార్చు, ఒకటి కలుపు. ⊥ ఉద్దిష్టమైతే, దాన్ని తలకిందులు చేసిన ⊤ నష్టం. మూడక్షరాల ప్రస్తారం కావాలంటే, లెక్క సున్నా నుంచి మొదలుపెట్టమని ముందుగా చెప్పి, ⌽⍉2 2 2⊤⍳8 అంటే చాలు. మ, య, ర, స, త, జ, భ, న అదే వరసలో ఎనిమిది పంక్తులుగా దిగుతాయి. 1979లో ట్యూరింగ్ పురస్కారం అందుకుంటూ ఐవర్సన్ చేసిన ఉపన్యాసపు అంశం, సంకేతలిపి ఆలోచనకు ఎలా పనిముట్టవుతుందన్నది. నిలువు గీత, వంకర గీతలతో పెరిగిన మనకు ఆ మాట వివరించి చెప్పనక్కరలేదు.

* * *

ఇక నోట్‌బుక్కు. కాగితం చుట్ట పోయి తెరలు వచ్చాయి. లెక్క, వివరణ, బొమ్మ ఒకే పుటలో ఉండాలన్న కోరికతో 1988లో మాథమాటికా తన నోట్‌బుక్కును తెచ్చింది. దాన్ని రూపొందించినవాడు థియొడోర్ గ్రే. 2001లో కొలంబియా దేశస్థుడైన ఫెర్నాండో పెరెజ్, అమెరికాలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిగా ఉంటూ, పైథాన్‌తో ముఖాముఖి పని చేయడానికి ఐపైథాన్ మొదలుపెట్టాడు. 2011లో దానికి బ్రౌజరులో తెరుచుకునే నోట్‌బుక్కు అమరింది. 2014లో అది జూపిటర్ అనే పేరుతో అన్ని భాషలకూ తలుపు తెరిచింది. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు భాషల పేర్లను కలిపిన పేరది. 1610లో బృహస్పతి చుట్టూ తిరిగే ఉపగ్రహాలను రోజురోజుకీ రాసి పెట్టుకున్న గెలీలియో నోటుపుస్తకాల జ్ఞాపకం కూడా అందులో ఉంది.

దాని కట్టడి సులువైనదే. పుటలో గడులుంటాయి. కొన్నిటిలో మన మాటలు రాసుకుంటాం, కొన్నిటిలో లెక్కలు. లెక్కల గడిని నడిపిస్తే దాని కిందే జవాబు వస్తుంది. లెక్క చేసేది మాత్రం పుట కాదు. వెనకాల కనపడకుండా నడిచే మరో ప్రోగ్రాము. దాన్ని కెర్నెల్ అంటారు. ఏ భాషకైనా ఒక కెర్నెల్ రాసి తగిలించవచ్చు. అందుకే నలుగురు వాడే భాషలకే కాక, ఏపీఎల్ వంటి చిన్న భాషలకూ ఈ ఇంట్లో అద్దెకు గది దొరికింది. 1983 నుంచి బ్రిటనులో ఏపీఎల్‌ను సాకుతూ వస్తున్న డయలాగ్ సంస్థ జూపిటర్ కోసం కెర్నెల్ తయారు చేసి ఇచ్చింది. నేను వాడింది అదే.

అలా ఒక సాయంత్రం తెలుగు వివరణలు, ఏపీఎల్ లెక్కలు కలిపి ఛందస్సు నోట్‌బుక్కు మొదలుపెట్టాను. పై గడిలో గురువు 0, లఘువు 1 అని రాశాను. రెండో గడిలో గణాల పేర్లిస్తే పాదాన్ని కూర్చే వరసలు. మూడో గడిలో ఉద్దిష్టం. మరికాస్త కిందికి పోయి, పాదంలో గురువులెన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి సులువుగా ఉంటుందని గురువు 1, లఘువు 0 అని మార్చి కూడించాను. ఉత్పలమాలలో గురువులు ఎనిమిది, లఘువులు పన్నెండు. ఎనిమిదే గురువులుండే ఇరవై అక్షరాల వృత్తాలు ఎన్నో తెలుసుకోవాలంటే ఏపీఎల్‌లో 8!20 అంటే చాలు. 125970 అని వచ్చింది. ఇది ప్రత్యయాల్లో లగక్రియ అనే లెక్క. సంబరపడ్డాను. తరవాత పైన రెండో గడిలో ఒక అక్షరదోషం కనిపిస్తే దిద్ది, దాన్నీ మూడో గడినీ మళ్ళీ నడిపాను. ఉద్దిష్టం 692778 అని వచ్చింది.

మాస్టారి పుస్తకంలో 355799 ఉంది. పెద్దాయన, వయసులో కూడిక తప్పి ఉంటారనుకున్నాను. యంత్రం తప్పు చేస్తుందా? పెన్సిలు తీశాను.

* * *

ఆర్నెల్ల తరవాత, ముసురు పట్టిన ఒక సాయంత్రం, ఆ నోట్‌బుక్కు తెరిచి ఉండగానే కరెంటు పోయింది. అడవి అంచు ఊళ్ళలో వానకూ కరెంటుకూ పడదు. బ్యాటరీ లేని బల్లకంప్యూటరు. కరెంటు వచ్చాక పుట తెరిస్తే రాతలన్నీ ఉన్నాయి, జవాబులూ ఉన్నాయి. వెనకాల కెర్నెల్ మాత్రం అన్నీ మరిచి కొత్తగా పుట్టింది. పేర్లకు విలువలు లేవు. చేసేది లేక మొదటి గడి నుంచి ఒక్కొక్కటే నడుపుకుంటూ వచ్చాను. మూడో గడి కింద 692778 చెరిగిపోయి 355799 వచ్చింది.

కాసేపు బుర్ర పని చేయలేదు. రెండు సంఖ్యలనూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి కూడాను: 1048577. అంటే కృతి ఛందస్సు మొత్తం వృత్తాలు, పైన ఒకటి. అప్పుడు వెలిగింది. ప్రస్తారాన్ని కింది నుంచి పైకి లెక్కిస్తే ఉత్పలమాల 692778వది! నేను గురువులను లఘువులుగా, లఘువులను గురువులుగా లెక్కించాను. కింది గడిలో మార్చిన విలువలు కెర్నెల్ మనసులో ఉండిపోయాయి. పైకి వెళ్ళి పాత గడిని మళ్ళీ నడిపినప్పుడు అది ఆ కొత్త విలువలనే తీసుకుంది. పుట పై నుంచి కిందికి ఒక కథ చెబుతోంది, యంత్రం మరో క్రమంలో మరో కథ నడిపింది. గడుల పక్కన ఎడమవైపు ఏది ఎన్నోసారి నడిచిందో చెప్పే అంకెలు ఉంటాయి. ఆ ఆర్నెల్లూ అవి నా తప్పును చెబుతూనే ఉన్నాయి. నేను చూడలేదు.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. 2019లో బ్రెజిల్, అమెరికా పరిశోధకులు కొందరు గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉన్న సుమారు 14 లక్షల జూపిటర్ నోట్‌బుక్కులను సేకరించారు. వాటిలో తిరిగి నడిపి చూడడానికి వీలైనవాటిని నడిపితే, తప్పులు లేకుండా చివరిదాకా నడిచినవి 24 శాతమే. మొదట వచ్చిన ఫలితాలే తిరిగి వచ్చినవి 4 శాతం. శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు రాసుకున్న పుటలవి. పుట చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. దారి ఉన్నట్టే ఉంటుంది, నడవబోతే ఉండదు.

ఐవర్సన్ కాలపు కాగితం చుట్టలో ఈ చిక్కు ఇంత లోతుగా లేదు. అక్కడా యంత్రం మనసులో విలువలు దాగి ఉండేవి. ఏపీఎల్ వాళ్ళు దాన్ని వర్క్‌స్పేస్ అనేవారు. అయితే అచ్చయిన వరసను వెనక్కి వెళ్ళి దిద్దే వీలు లేదు. తప్పు చేస్తే తప్పు కూడా కాగితం మీద ఉండిపోయేది. మన దుకాణాల్లో చిట్టా రాసేవారు కొట్టివేతలు దాచరు చూడండి, అలాగ. జరిగింది జరిగిన వరసలోనే ఉంటుంది. కంప్యూటరు నోట్‌బుక్కు మనకు దిద్దుకునే స్వేచ్ఛ ఇచ్చింది, ఆ స్వేచ్ఛకు ధరగా వరస పోయింది.

జవాబు మాత్రమే మిగిలి దారి పోయిన సందర్భాలు మనకూ ఉన్నాయి. పావులూరి మల్లన పేరిట చెప్పుకునే పద్యం ఒకటుంది. చదరంగపు గళ్ళలో రెట్టింపు చేసుకుంటూ పోసిన గింజల మొత్తాన్ని, 18446744073709551615ను, ఇరవై అంకెలూ పొల్లు పోకుండా పద్యంలో బిగించి చెబుతుంది. అదే లెక్క ఏపీఎల్‌ను అడిగితే, మామూలు అమరికలో మొదటి పది అంకెలు చెప్పి మిగతాదాన్ని పదుల ఘాతంలోకి తోసేస్తుంది. పూర్తి సంఖ్య కావాలంటే ఖచ్చితత్వం పెంచమని ప్రత్యేకంగా చెప్పాలి. ఈ పోటీలో గెలుపు పద్యానిదే. అయితే పద్యంలో ఒక్క అంకె తప్పు పడితే పద్యాన్ని చూసి కనుక్కోలేం; లెక్క మళ్ళీ మొదటి నుంచి చేయాలి. మాస్టారి పుట అలాంటిది కాదు. 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144: ఏయే లఘువు మీద ఏయే అంకె పడిందో అంతా అక్కడే ఉంది. కూడితే 355798. ఒకటి కలిపితే 355799. రెండు నిమిషాల పని. కాగితం, పెన్సిలు నా చేతిలోనే ఉన్నాయి. నేను ఆ పెన్సిలును కూడడానికి కాక దిద్దడానికి వాడాను.

* * *

తప్పు తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. తక్కిన వృత్తాలనూ, ఈసారి ప్రతిసారీ కెర్నెల్‌ను చంపి మొదటి నుంచి నడిపిస్తూ, లెక్కించాను. చంపకమాల 711600. శార్దూలం 149337. మత్తేభం 298676. నాలుగూ ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడింది. ఉత్పలమాల సంఖ్యను రెట్టింపు చేసి రెండు కలపండి: 711600, చంపకమాల. శార్దూలాన్ని రెట్టింపు చేసి రెండు కలపండి: 298676, మత్తేభం.

కారణం తెలిసినదే. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును తీసి రెండు లఘువులు పెడితే చంపకమాల అవుతుంది. శార్దూలంలో అలా చేస్తే మత్తేభం. పద్యాలు రాసేవారందరికీ చెవికి తెలిసిన ఈ చుట్టరికం సంఖ్యల్లో రెట్టింపు, మరో రెండు అనే రూపంలో కనిపించింది. ఒక్కో అక్షరం ఒక స్థానం వెనక్కి జరిగితే దాని విలువ రెట్టింపవుతుంది. కొత్తగా చేరిన లఘువులు తమ వాటా తాము చేరుస్తాయి. ఇది నేను కనిపెట్టిన విశేషమని చెప్పుకోను. ఏపీఎల్ లేకపోయినా కనుక్కోవచ్చు. కానీ నాకు కనిపించింది ఆ పుటలో నాలుగు జవాబులు ఒకదాని కింద ఒకటి నిలిచినప్పుడే. సంభాషణగా సాగే లెక్కకు ఉన్న బలం ఇదే: అడగని ప్రశ్నకు కూడా జవాబు పక్కనే వచ్చి కూర్చుంటుంది.

మాస్టారి పుస్తకం మళ్ళీ తీశాను. తరవాతి పుట నేను అంతవరకూ సరిగా చూడలేదు. అక్కడ చంపకమాల లెక్క మొత్తం ఉంది. ఆ రెండు సంఖ్యల మధ్య ఎర్ర సిరాతో చిన్న గీత గీసి, దాని మీద "రెట్టింపు, 2" అని రాసి ఉంది.

ఐవర్సన్ చివరి రోజుల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. జె భాషలో ల్యాబ్ అనే పాఠాలుంటాయి: కొంత వివరణ, కొంత లెక్క, చదివేవాడు ఒక్కో అంగా నడిపించుకుంటూ నేర్చుకునే పుటలు. నోట్‌బుక్కులకు దగ్గరి చుట్టాలు. 2004 అక్టోబరు 16న 83 ఏళ్ళ ఐవర్సన్ కంప్యూటరు ముందు కూర్చుని అలాంటి కొత్త పాఠం ఒకటి రాస్తుండగా పక్షవాతం వచ్చింది. మూడు రోజులకు, 19న కన్ను మూశాడు. ప్రపంచంలో బహు కొద్దిమంది మాత్రమే వాడే భాషలో, ఎవరో ఒకరు మొదటి నుంచి చివరిదాకా నడిచి చూస్తారన్న నమ్మకంతో రాస్తున్న పాఠమది. చిన్న భాషలు బతికేది ఆ నమ్మకం మీదే. పదిమంది చదివితే గొప్ప అనుకుంటూ యూనికోడు తెలుగులో రాయడం మొదలుపెట్టిన మనకు ఇది వేరే చెప్పాలా?

692778ను రబ్బరుతో చెరిపేశాను. పాత కాగితం; గట్టిగా రుద్దితే చిరుగుతుంది. అచ్చు ఇంకా లీలగా కనిపిస్తూనే ఉంది. మొదట్లో సిగ్గనిపించింది గానీ, ఇప్పుడు అలా ఉండడమే మంచిదనుకుంటున్నాను. దాని పక్కన చిన్న అక్షరాలతో తేదీ వేసి, ఈ అంకె ఎలా వచ్చిందో, ఎందుకు తప్పో మూడు పంక్తుల్లో రాశాను. నా తరవాత ఆ పుస్తకం ఎవరి చేతికి పోయినా దారి తెలియాలి కదా.

వీలైతే ఈ సాయంత్రం ఒక కాగితం తీసుకుని మీకిష్టమైన వృత్తం ఎన్నోదో కట్టి చూడండి. యంత్రాన్ని ఆ తరవాత అడగవచ్చు.